బీకాం పట్టా నుంచి డైరెక్టర్ల బోర్డు వరకు: దక్షిణ ఒడిశా తెలుగు పట్టభద్రులకు సమగ్ర మార్గదర్శి

దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం పట్టణాల తెలుగు ఇళ్ల నుంచి బీకాం, బీబీఏ పూర్తిచేసి వచ్చే పిల్లలకు పెద్దలు చూపించే దారులు సాధారణంగా మూడే. ఒకటి బ్యాంకు పరీక్ష, రెండోది ప్రభుత్వ కొలువు, మూడోది విశాఖకో హైదరాబాదుకో వెళ్లి చేరే ప్రైవేటు ఉద్యోగం. వీటిలో దేనినీ తక్కువ చేయనవసరం లేదు. అయితే ఒక కంపెనీని నడిపే స్థానానికి, ఆ నడిపేవారిని నిలదీయగల డైరెక్టర్ల బోర్డుకు మన పిల్లలు చేరుకోగలరన్న మాట మన ఇళ్లలో అరుదుగా వినిపిస్తుంది. ఆ దారి ఎక్కడ మొదలవుతుందో, ఏ దశలో ఏమి నేర్చుకోవాలో, చట్టం ఏమి కోరుతుందో వివరంగా చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. బోర్డు సభ్యత్వం అంటే ముప్ఫై ఏళ్ల ఉద్యోగం చివర దక్కే గౌరవమని చాలామంది అనుకుంటారు. కంపెనీని నడపడం ఒక విద్య, అది నడుస్తున్న తీరును పర్యవేక్షించడం మరొక విద్య. మొదటిదానిలో ఆరితేరినంత మాత్రాన రెండోది దానంతట అదే రాదు. అందుచేత రెండింటినీ చిన్న వయసులోనే, చిన్న సంస్థలలోనే పక్కపక్కన అభ్యసించాలన్నది నా దృఢమైన అభిప్రాయం. అందుకు తగిన అవకాశాలు ఈ సరిహద్దు జిల్లాలలో మనం అనుకునేదాని కంటే ఎక్కువగానే ఉన్నాయి.

మొదటి మెట్టు: మీ చుట్టూ ఉన్న పరిశ్రమను చదవడం

రాయగడ జిల్లా తెరుబలిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం ఉంది. దానిని నడిపే ఇంఫా సంస్థ 1961లో ఏర్పడింది. రాయగడ పక్కనే జేకేపూర్‌లో కాగితపు మిల్లు ఉంది. కాశీపూర్ ప్రాంతంలో హిందాల్కోకు చెందిన ఉత్కళ్ అల్యూమినా, కొరాపుట్ జిల్లా దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా శుద్ధి కర్మాగారం, సునాబెడలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ విభాగం, గంజాం జిల్లా ఛత్రపురంలో ఐఆర్ఈఎల్ ఖనిజ ఇసుక పరిశ్రమ, తీరాన గోపాలపురం ఓడరేవు ఉన్నాయి. వీటికి తోడు జీడిపప్పు, బియ్యం, పట్టు వ్యాపారాలు నడిపే కుటుంబ సంస్థలు ఊరూరా ఉన్నాయి.

ఈ పెద్ద సంస్థల బోర్డులు సాధారణంగా కర్మాగారం పక్కన కూర్చోవు. అవి భువనేశ్వర్, ముంబై, ఢిల్లీ వంటి చోట్ల సమావేశమవుతాయి. వారి ముందుకు వచ్చే కాగితాలలోని అంకెలు మాత్రం ఇక్కడి స్టోర్స్ విభాగంలో, తూకపు కేంద్రంలో, జీతాల పట్టికలో పుడతాయి. కాబట్టి కాలేజీలో ఉండగానే చేయవలసిన మొదటి పని ఇది: మీకు దగ్గరలోని ఒక లిస్టెడ్ కంపెనీ (షేర్లు స్టాక్ ఎక్స్చేంజీలో అమ్ముడయ్యే కంపెనీ) వార్షిక నివేదికను దాని వెబ్‌సైట్ నుంచి దింపుకొని మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదవండి. ఆస్తి అప్పుల పట్టీ, లాభనష్టాల ఖాతా, నగదు ప్రవాహ పట్టిక, వాటి కింది వివరణలు, ఆడిటర్ నివేదిక, కార్పొరేట్ పాలన నివేదిక, ఈ వరుసలో చదవడం మేలు. చివరిదానిలో ఏ డైరెక్టరు ఎన్ని సమావేశాలకు వచ్చారో, ఏ కమిటీలో ఎవరున్నారో ఉంటుంది. మొదటిసారి సగం అర్థం కాదు. అదే కంపెనీ నివేదికను వరుసగా మూడు సంవత్సరాలవి పక్కపక్కన పెట్టుకొని చూస్తే, ఏ అంకె ఎందుకు మారిందన్న ప్రశ్న మీలోనే పుడుతుంది. బోర్డు విద్యకు అదే తొలి పాఠం.

రెండో మెట్టు: పట్టాకు తోడు మరో అర్హత

ఒక్క బీకాం పట్టాతో లెక్కల విభాగంలో ఉద్యోగం దొరుకుతుంది గాని, నాయకత్వ స్థాయికి చేరడానికి అది చాలదు. చట్టబద్ధమైన వృత్తి సంస్థలు మూడు ఉన్నాయి. 1949 చట్టం కింద చార్టర్డ్ అకౌంటెంట్ల సంస్థ, 1959 చట్టం కింద కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ, 1980 చట్టం కింద కంపెనీ సెక్రటరీల సంస్థ పనిచేస్తున్నాయి. బీకాంలో 55 శాతం మార్కులు ఉన్నవారు ఫౌండేషన్ అనే తొలి పరీక్ష రాయకుండా నేరుగా సీఏ ఇంటర్మీడియట్‌కు నమోదు కావచ్చు. 2023లో వచ్చిన కొత్త పథకంలో ఆర్టికల్‌షిప్ (సీఏ విద్యార్థులు తప్పక చేయవలసిన పని శిక్షణ) మూడేళ్ల నుంచి రెండేళ్లకు తగ్గింది.

ఈ మూడింటిలో ఏది ఎంచుకోవాలని అడిగేవారికి నా సలహా ఇది. కర్మాగారాలున్న ఈ ప్రాంతంలో ఉత్పత్తి వ్యయాన్ని లెక్కకట్టగలిగే కాస్ట్ అకౌంటెంటుకు ఉన్న విలువను మన విద్యార్థులు తక్కువగా అంచనా వేస్తున్నారు. టన్ను ఫెర్రోక్రోమ్‌కు ఎంత కరెంటు ఖర్చయిందో, టన్ను కాగితానికి ఎంత కలప పట్టిందో చెప్పగలిగినవారు కొద్ది కాలంలోనే ప్లాంటు అధిపతి గదిలోకి వెళ్లగలుగుతారు. చట్టం, నియమాలు, సమావేశాల మీద ఆసక్తి ఉన్నవారికి కంపెనీ సెక్రటరీ కోర్సు సరైనది, ఎందుకంటే పాతికేళ్ల వయసులోనే బోర్డు గదిలో కూర్చొని మినిట్స్ (సమావేశ చర్చల, నిర్ణయాల నమోదు) రాసే అవకాశం ఇచ్చే వృత్తి అదొక్కటే. వక్తలుగా, సంధానకర్తలుగా రాణించేవారికి ఎంబీఏ మంచిది. 2015లో మొదలైన విశాఖపట్నం, సంబల్‌పూర్ ఐఐఎంలు, భువనేశ్వర్‌లోని జేవియర్ సంస్థ మనకు దగ్గరలోనే ఉన్నాయి. పేరు లేని కాలేజీలో అప్పు చేసి ఎంబీఏ చదవడం కంటే, ఉద్యోగం చేస్తూ సీఎంఏ (కాస్ట్ అకౌంటెంట్ కోర్సు) గాని సీఎస్ (కంపెనీ సెక్రటరీ కోర్సు) గాని పూర్తి చేయడం కుటుంబానికీ మీకూ మంచిది.

మూడో మెట్టు: మొదటి పదేళ్లు

ఈ పదేళ్లలో జీతం కంటే ముఖ్యంగా గమనించవలసింది, ఒక్కొక్క పనిలో మీ మీద పడే బాధ్యత స్వభావం. మొదటి మూడేళ్లు లెక్కలు, స్టోర్స్, కొనుగోళ్లు, పంపిణీ విభాగాలలో ఏదో ఒకదానిలో గడుస్తాయి. ఆ తరువాత వీలైనంత త్వరగా విభాగం మారమని అడగండి. ఒకే కుర్చీలో పదేళ్లు కూర్చొన్నవారు ఆ పనిలో నిపుణులవుతారు గాని, కంపెనీ మొత్తాన్ని చూడగలిగే చూపు వారికి రాదు. పదేళ్లు పూర్తయ్యే లోపు లాభనష్టాల పూచీ మీదే అయిన ఒక చిన్న విభాగాన్నయినా నడిపి ఉండాలి. అది ఒక గోదాము కావచ్చు, ఒక శాఖ కావచ్చు, ఒక ఉత్పత్తి శ్రేణి కావచ్చు.

నెలవారీ నివేదిక తయారు చేసే పనిని చాలామంది గుమాస్తా పనిగా భావించి తప్పించుకుంటారు. దానిని కోరి తీసుకోండి. బడ్జెట్టుకు, వాస్తవానికి మధ్య తేడా ఎందుకు వచ్చిందో ఒక్క పేజీలో, సాకులు లేకుండా రాయగలిగే వ్యక్తి పేరు పై అధికారులకు గుర్తుంటుంది. ఆ పేజీ క్రమంగా ప్రధాన కార్యాలయం దాటి బోర్డు కాగితాలలో భాగమవుతుంది.

కార్మికులతో వ్యవహరించడం కూడా ఈ దశలోనే నేర్చుకోవాలి. బరంపురంలో పుట్టిన వి.వి.గిరి దేశాధ్యక్షుడు కావడానికి ఎంతో ముందే రైల్వే కార్మిక సంఘాలను నిర్మించిన నాయకుడన్నది ఇక్కడివారు గుర్తుంచుకోదగిన విషయం. కాంట్రాక్టు కార్మికుడి భవిష్య నిధి జమ అయిందో లేదో స్వయంగా చూసుకొన్న అధికారికి, తరువాతి రోజుల్లో బోర్డులో కార్మిక చట్టాల అమలు నివేదిక చదివేటప్పుడు ఏ ప్రశ్న వేయాలో తెలుస్తుంది.

నాలుగో మెట్టు: రైతు ఉత్పత్తిదారుల కంపెనీ

ఈ మార్గదర్శిలో నేను అన్నిటికంటే ఎక్కువ బరువు ఇచ్చే భాగం ఇదే, ఎందుకంటే చాలామంది దీని గురించి ఆలోచించరు.

2020లో కేంద్ర ప్రభుత్వం పదివేల రైతు ఉత్పత్తిదారుల సంస్థల ఏర్పాటుకు పథకం ప్రకటించింది. ఒక్కో సంస్థకు మూడేళ్లలో 18 లక్షల రూపాయల వరకు నిర్వహణ ఖర్చుల సహాయం అందులో ఉంది. వీటిలో అనేకం కంపెనీల చట్టంలోని ఉత్పత్తిదారుల కంపెనీ అధ్యాయం కింద నమోదవుతున్నాయి. ఆ అధ్యాయం ప్రకారం ఇటువంటి కంపెనీకి కనీసం ఐదుగురు, గరిష్ఠంగా పదిహేనుమంది డైరెక్టర్లు ఉండాలి. బోర్డు మూడు నెలలకు ఒకసారైనా కలవాలి. పూర్తికాలం పనిచేసే ముఖ్య కార్యనిర్వాహకుడు తప్పనిసరి. ఆ వ్యక్తిని కంపెనీ సభ్యులు కానివారి నుంచే బోర్డు నియమించాలి, పైగా ఆ పదవిలో ఉన్నంతకాలం అతను హోదారీత్యా బోర్డులో డైరెక్టరుగా ఉంటాడు.

దీని అర్థం ఏమిటో ఒకసారి ఆలోచించండి. గుణుపురం దగ్గర జీడిమామిడి రైతులో, కొరాపుట్ కొండల్లో కాఫీ, పసుపు, చిరుధాన్యాలు పండించే రైతులో కలిసి పెట్టుకొన్న కంపెనీలో ముఖ్య కార్యనిర్వాహకుడిగా చేరిన పాతికేళ్ల బీకాం పట్టభద్రురాలు అదే రోజు నుంచి డైరెక్టరు కూడా. జీతం కర్మాగారం ఇచ్చేదాని కంటే తక్కువగా ఉండవచ్చు. కాని సమావేశానికి నోటీసు పంపడం, అజెండా రాయడం, కోరం (సమావేశానికి కావలసిన కనీస హాజరు) చూసుకోవడం, చదువు తక్కువైన డైరెక్టర్లకు లెక్కలు నిజాయితీగా అర్థమయ్యేలా చెప్పడం, బ్యాంకు అప్పు కోసం తీర్మానం చేయించడం, వార్షిక పత్రాలు గడువులోగా దాఖలు చేయడం వంటివన్నీ ఆమె చేతుల మీదుగానే జరుగుతాయి. పెద్ద కంపెనీలో ఇరవై ఏళ్లు పనిచేసినా ఈ అనుభవం దొరకనివారు ఎందరో ఉన్నారు.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. ఏ కంపెనీ అయినా వరుసగా మూడు ఆర్థిక సంవత్సరాలు ఆర్థిక పత్రాలను గాని వార్షిక రిటర్నును గాని దాఖలు చేయకపోతే, కంపెనీల చట్టం 164వ సెక్షన్ కింద దాని డైరెక్టర్లు ఐదేళ్లపాటు ఆ కంపెనీలో తిరిగి నియమితులు కావడానికీ, మరే కంపెనీలోనైనా డైరెక్టరు కావడానికీ అనర్హులవుతారు. స్నేహితుడు అడిగాడనో, బంధువు మాట కాదనలేకనో కాగితాల మీద డైరెక్టర్లయి, ఆ కంపెనీని మరచిపోయినవారు ఈ సెక్షన్‌లో చిక్కుకుంటారు. డైరెక్టరుగా సంతకం పెట్టే ముందు ఆ కంపెనీ పత్రాలు దాఖలవుతున్నాయో లేదో కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో చూడండి, చేరిన తరువాత ప్రతి సంవత్సరం మళ్లీ చూడండి.

పట్టణాలలో ఉన్నవారికి ఇటువంటి అభ్యాసాన్నే అర్బన్ సహకార బ్యాంకులు ఇస్తాయి. వంద కోట్ల రూపాయలు, అంతకు మించిన డిపాజిట్లు ఉన్న అర్బన్ బ్యాంకులు బోర్డుకు తోడుగా నిపుణులతో కూడిన నిర్వహణ మండలిని ఏర్పాటు చేసుకోవాలని రిజర్వు బ్యాంకు 2019 డిసెంబరులో ఆదేశించింది. లెక్కలు, బ్యాంకింగ్, చట్టం తెలిసిన స్థానికులకు అందులో చోటు ఉంటుంది.

ఐదో మెట్టు: నాయకత్వ స్థానం

లిస్టెడ్ కంపెనీలలోనూ, పది కోట్లు అంతకు మించి చెల్లించిన మూలధనం ఉన్న పబ్లిక్ కంపెనీలలోనూ 203వ సెక్షన్ ప్రకారం మూడు కీలక పదవులు నిండి ఉండాలి. అవి మేనేజింగ్ డైరెక్టరు లేదా దానికి సమానమైన ముఖ్య కార్యనిర్వాహక పదవి, కంపెనీ సెక్రటరీ పదవి, ముఖ్య ఆర్థికాధికారి పదవి. వాణిజ్య పట్టభద్రులకు సహజంగా అందేవి రెండో, మూడో పదవులు. ముఖ్య ఆర్థికాధికారి స్థానం నుంచి మేనేజింగ్ డైరెక్టరు స్థానానికి వెళ్లాలంటే మాత్రం ఉత్పత్తి, అమ్మకాలు తెలిసి ఉండాలి. మూడో మెట్టులో విభాగాలు మారమని చెప్పింది అందుకే.

నాల్కో, ఐఆర్ఈఎల్ వంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలలో పూర్తికాలపు డైరెక్టర్లను ప్రభుత్వ సంస్థల ఎంపిక మండలి సిఫారసు చేస్తుంది. పదవీ విరమణకు సాధారణంగా సంస్థలోపలి అభ్యర్థికి రెండేళ్లు, బయటి అభ్యర్థికి మూడేళ్లు సేవాకాలం మిగిలి ఉండాలి గనుక ఈ దారిలో వెళ్లేవారు వయసును ముందునుంచే లెక్కవేసుకోవాలి.

నాయకత్వానికి ఈ ప్రాంతం నేర్పే పాఠం ఒకటి ఉంది, దానిని పుస్తకాలలో ఇంత స్పష్టంగా చదవలేము. రాయగడ, కలహండి జిల్లాల సరిహద్దులోని నియమగిరి కొండలలో బాక్సైటు తవ్వకంపై 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని గ్రామసభల ముందుకు పంపింది. రాయగడలో ఏడు, కలహండిలో ఐదు, మొత్తం పన్నెండు గ్రామసభలు తవ్వకాన్ని తిరస్కరించాయి. ఆ బాక్సైటును నమ్ముకొని కట్టిన లాంజిగఢ్ అల్యూమినా శుద్ధి కర్మాగారం మీద భారీ పెట్టుబడి అప్పటికే పెట్టారు, దానికి ఆనుకొని ఉన్న గనే దక్కలేదు. ఆ కొండలలో నివసించే డోంగ్రియా కోందు గిరిజనుల మాట వినగల మనిషి ఒకరు ఆ పెట్టుబడి నిర్ణయం జరిగిన గదిలో ఉండి ఉంటే ప్రశ్నలు వేరుగా ఉండేవని నేను నమ్ముతాను. తెలుగు, ఒడియా, హిందీ మాట్లాడుతూ, కువి లేదా సవర గిరిజన భాషలు కొంతైనా అర్థం చేసుకోగలిగే ఇక్కడి పట్టభద్రులు ఆ సామర్థ్యాన్ని తమ అర్హతల్లో మొదటి వరుసలో చెప్పుకోవాలి. 2022-23 నుంచి మొదటి వెయ్యి లిస్టెడ్ కంపెనీలు పర్యావరణ, సామాజిక బాధ్యతలపై వివరమైన నివేదిక ఇవ్వవలసి వస్తోంది. సామాజిక బాధ్యత ఖర్చు 135వ సెక్షన్ పరిధిలోని కంపెనీలకు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం రెండు శాతం ఉండాలి. ఆ డబ్బు ఏ ఊళ్లో ఎలా ఖర్చయిందో చూసి చెప్పగలిగేవారు బోర్డుకు అవసరం.

ఆరో మెట్టు: బోర్డు పనిని చట్టం కళ్లతో తెలుసుకోవడం

ప్రైవేటు కంపెనీకి ఇద్దరు, పబ్లిక్ కంపెనీకి ముగ్గురు డైరెక్టర్లు కనీసం ఉండాలి. పదిహేనుమందిని మించాలంటే ప్రత్యేక తీర్మానం కావాలి. సంవత్సరానికి కనీసం నాలుగు బోర్డు సమావేశాలు జరగాలి, రెండు సమావేశాల మధ్య 120 రోజులకు మించి వ్యవధి ఉండకూడదు. నోటీసు ఏడు రోజుల ముందు రావాలి. పన్నెండు నెలలపాటు ఒక్క సమావేశానికీ రాని డైరెక్టరు, సెలవు తీసుకొన్నా సరే, పదవి కోల్పోతారు. డైరెక్టరు విధులను 166వ సెక్షన్ చెబుతుంది. దానిని మూల పాఠంలోనే చదవమని నా మనవి, ఎందుకంటే అది చిన్నది, సూటిగా ఉంటుంది, పైగా వాటాదారులతో పాటు ఉద్యోగులు, స్థానిక సమాజం, పర్యావరణం మేలు కూడా చూడమని చెబుతుంది.

ఈ నియమాలన్నీ పాటించినట్లు కాగితం మీద కనిపిస్తూనే బోర్డు విఫలం కావచ్చు. తెలుగువారికి దీనికి సత్యం కంప్యూటర్స్ కంటే దగ్గరి ఉదాహరణ లేదు. 2008 డిసెంబరు 16న ఆ బోర్డు, చైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను దాదాపు 160 కోట్ల డాలర్లకు కొనడానికి ఆమోదం తెలిపింది. పేరున్న విద్యావేత్తలు, అనుభవజ్ఞులు స్వతంత్ర డైరెక్టర్లుగా (యాజమాన్యంతో సంబంధం లేని బయటి సభ్యులుగా) ఉన్న బోర్డు అది. పెట్టుబడిదారులు తిరగబడడంతో గంటల వ్యవధిలోనే ఆ ప్రతిపాదనను వెనక్కి తీసుకొన్నారు. 2009 జనవరి 7న చైర్మన్ రామలింగరాజు రాసిన లేఖతో, 5,040 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వలు లేకుండానే ఉన్నట్లు చూపినవని బయటపడింది.

అక్కడ అడగవలసిన ప్రశ్నలు కష్టమైనవి కావు. బ్యాంకు నిల్వల ధ్రువీకరణ బ్యాంకు నుంచి ఆడిటర్‌కు నేరుగా చేరిందా? ఇంత నగదు మీద ఇంత వడ్డీయే ఎందుకు వచ్చింది? కొనబోయే కంపెనీ ఎవరిది, దాని విలువ కట్టినవారు ఎవరు, వారిని ఎంచుకొన్నది ఎవరు? నగదు ప్రవాహ పట్టిక చదవగలిగే బీకాం పట్టభద్రులకు ఈ ప్రశ్నలు తడతాయి. వాటిని పదిమంది పెద్దల మధ్య గొంతు తగ్గించకుండా, మర్యాద తప్పకుండా అడిగే అలవాటును మాత్రం చిన్న బోర్డులలోనే సంపాదించుకోవాలి.

2013 కంపెనీల చట్టంలోని అనేక నిబంధనల వెనుక ఆ చేదు అనుభవం ఉంది. లిస్టెడ్ కంపెనీలలో కనీసం మూడోవంతు స్వతంత్ర డైరెక్టర్లు ఉండాలి. ఆడిట్ కమిటీలో వారు అధిక సంఖ్యలో ఉండాలి, ఆ కమిటీ సభ్యులలో అధికులకు ఆర్థిక పత్రాలు చదివి అర్థం చేసుకొనే శక్తి ఉండాలి. ప్రతి డైరెక్టరు తనకు ప్రయోజన సంబంధం ఉన్న ఇతర సంస్థల వివరాలను సంవత్సరంలో జరిగే మొదటి బోర్డు సమావేశంలో వెల్లడించాలి.

ఏడో మెట్టు: స్వతంత్ర డైరెక్టరుగా

ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ కార్పొరేట్ అఫైర్స్ నిర్వహించే స్వతంత్ర డైరెక్టర్ల డేటాబ్యాంకు 2019 డిసెంబరులో మొదలైంది. అందులో పేరు నమోదు చేసుకొన్నవారు, నిబంధనల ప్రకారం మినహాయింపు లేకపోతే, రెండేళ్లలోగా ఆన్‌లైన్ పరీక్ష రాసి 50 శాతం మార్కులు తెచ్చుకోవాలి. ఒక విడత ఐదేళ్ల వరకు, వరుసగా రెండు విడతలకు మించకుండా పనిచేయవచ్చు, తరువాత మూడేళ్ల విరామం కావాలి. సమావేశ రుసుము సమావేశానికి లక్ష రూపాయలకు మించకూడదు. కంపెనీ షేర్ల ఆప్షన్లు స్వతంత్ర డైరెక్టరుకు ఇవ్వరాదు. ఇది ధనార్జన మార్గం కాదని చట్టమే చెబుతున్నట్లు భావించవచ్చు.

మహిళలకు ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి. లిస్టెడ్ కంపెనీలతో పాటు, వంద కోట్ల చెల్లించిన మూలధనం గాని మూడు వందల కోట్ల టర్నోవరు గాని ఉన్న పబ్లిక్ కంపెనీలలో కనీసం ఒక మహిళా డైరెక్టరు ఉండాలి. ఆ స్థానాన్ని కుటుంబ సభ్యురాలితో నింపి చేతులు దులుపుకొనే కంపెనీలు ఉన్నాయి గాని, లెక్కలు తెలిసిన మహిళ కోసం నిజంగా వెతికే కంపెనీలు కూడా పెరుగుతున్నాయి.

ఎనిమిదో మెట్టు: ఒప్పుకొనే ముందు, ఒప్పుకొన్న తరువాత

ఆహ్వానం వచ్చిన ఆనందంలో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకండి. మూడేళ్ల ఆడిటర్ నివేదికలు చదవండి, ఆడిటరు మధ్యలో రాజీనామా చేసి ఉంటే కారణం తెలుసుకోండి. ప్రమోటర్ల (కంపెనీని స్థాపించి అదుపులో ఉంచుకొన్నవారి) ఇతర కంపెనీలతో జరిగిన లావాదేవీలు చూడండి. మీ స్థానంలో ఇంతకు ముందు ఉన్న డైరెక్టరుతో మాట్లాడండి. డైరెక్టర్ల బాధ్యతా బీమా ఉందో లేదో అడగండి.

చేరిన తరువాత కాగితాలు సమావేశానికి ముందే తెప్పించుకొని చదవడం, సమావేశం బల్ల మీద హఠాత్తుగా పెట్టిన ముఖ్యమైన అంశాన్ని తరువాతి సమావేశానికి వాయిదా వేయమని అడగడం అలవాటు చేసుకోవాలి. ఒప్పుకోని నిర్ణయం జరిగితే మీ అసమ్మతిని మినిట్స్‌లో రాయించండి, ముసాయిదా మినిట్స్ వచ్చినప్పుడు అది ఉందో లేదో చూడండి. తనకు బోర్డు ప్రక్రియల ద్వారా తెలిసి, తన సమ్మతితోనో కుమ్మక్కుతోనో తన అజాగ్రత్త వల్లనో జరిగిన తప్పులకు స్వతంత్ర డైరెక్టరు బాధ్యులవుతారని 149వ సెక్షన్ చెబుతుంది. ఆ జాగ్రత్తకు రుజువు చివరికి ఆ మినిట్స్ పుస్తకమే.

అడిగిన సమాచారం పదే పదే రాకపోతే, రాసిన లేఖలకు జవాబు లేకపోతే రాజీనామా చేయడానికి వెనుకాడవద్దు. 168వ సెక్షన్ కింద రాతపూర్వకమైన నోటీసు చాలు. లిస్టెడ్ కంపెనీ స్వతంత్ర డైరెక్టరు అయితే కారణాలు వివరంగా రాయాలి, వేరే ముఖ్య కారణం లేదని ధ్రువీకరించాలి, కంపెనీ వాటిని ఏడు రోజుల్లో స్టాక్ ఎక్స్చేంజీకి తెలపాలి. ఆ లేఖలో వ్యక్తిగత కారణాలు అని రాసి ఊరుకోకండి. మీ తరువాత ఆ కంపెనీ షేరు కొనబోయే చిన్న పెట్టుబడిదారుడు చదివేది ఆ లేఖనే.